మెడిసిన్‌లో చేరాక మనసు మొద్దుబారిపోతుందా?

ప్రశ్న: ఎంబీబీఎస్ థర్డ్ ఇయర్. మొదట్లో వార్డులో పేషెంట్ ఏడిస్తే నాకూ కళ్లలో నీళ్లు తిరిగేవి, ఇప్పుడు ఏమీ అనిపించట్లేదు. అందరికీ ఇలాగే అవుతుందా? నేను ఈ వృత్తికి పనికిరానేమో, మానెయ్యాలా?

నువ్వు అంటున్నా, ఏమనుకోకు, థర్డ్ ఇయర్ అన్నావు కాబట్టి నాకంటే కనీసం పదిహేనేళ్లు చిన్న. అవును, అవుతుంది. అందరికీ కాకపోయినా చాలామందికి అవుతుంది, నాకైతే బాగా అయింది. కానీ దానికి కాలేజీలో చెప్పే కారణం శుద్ధ తప్పని నా గట్టి నమ్మకం. రోగాలూ చావులూ చూసీ చూసీ గుండె రాయైపోతుంది అంటారు కదా, అదేం కాదు, చావుల వల్ల ఎవరూ రాయి అవ్వరు. నిద్ర లేక అవుతారు.

నా హౌస్‌సర్జెన్సీలో, అంటే ఎంబీబీఎస్ చివర్లో ఆసుపత్రిలో పనిచేసే ఏడాదిలో, జరిగింది చెప్తా. మెడిసిన్ పోస్టింగ్. ఏళ్ల తరబడి పొగ తాగి ఊపిరితిత్తులు పాడైపోయిన ఒక ముసలాయన, సీఓపీడీ కేసు, వచ్చి తొమ్మిది రోజులైంది, మాస్క్ బిగించి బైపాప్ మీద, అంటే గాలిని ఒత్తిడితో లోపలికి పంపే మెషీన్ మీద, పెట్టారు. కార్బన్ డయాక్సైడ్ ఎంత పేరుకుందో చూడ్డానికి నాలుగేసి గంటలకోసారి ఏబీజీ తియ్యాలి, అంటే మణికట్టు దగ్గర నాడి కొట్టుకునే చోట ధమనిలోంచి రక్తం లాగాలి, మామూలు సూది కంటే చాలా ఎక్కువ నొప్పి. ఆ పని హౌస్‌సర్జన్‌ది, అంటే నాది. మొదటి రెండు మూడు రోజులు "కొంచెం నొప్పి పుడుతుంది తాతగారూ, ఒక్క క్షణం ఓర్చుకోండి" అని చెప్పి, తీశాక రక్తం ఆగేదాకా ఆ చెయ్యి నా చేతిలోనే పెట్టుకుని కూర్చునేదాన్ని. తర్వాత్తర్వాత మాటలు ఆగిపోయాయి. చివరికి ఎంతదాకా వచ్చిందంటే నన్ను చూడగానే ఆయనే దుప్పట్లోంచి చెయ్యి తీసి చాపేవాడు, రెండు మణికట్లూ కమిలి నల్లబడి ఉండేవి, నేను ఆయన మొహం వైపు చూడకుండా సూది గుచ్చి సిరంజి తీసుకుని వెళ్లిపోయేదాన్ని.

ఆ రోజు నాకు అది వరసగా రెండో రాత్రి. నా బదులు ఎక్కాల్సిన అమ్మాయికి జ్వరమొచ్చింది, ఇంకెవరూ లేరు, నువ్వే ఉండు అన్నారు. రెండు రోజుల్లో కలిపి గంటన్నర కునుకు తీసి ఉంటానేమో. తెల్లవారుజామున నాలుగింటికి సిస్టర్ ఫోన్, "తాతగారు గ్యాస్పింగ్" అని, అంటే ఆఖరి ఎగశ్వాస. పరిగెత్తా, సీపీఆర్ మొదలుపెట్టాం, పీజీ, అంటే పై చదువు చదివే సీనియర్ డాక్టర్, వచ్చాడు, అరగంట చేశాక ఇక ఆపెయ్యమన్నాడు. ఈసీజీ గీత తిన్నగా వచ్చింది, ఆ స్ట్రిప్ చింపి కేస్ షీట్‌కి పిన్ కొట్టా, టైమ్ రాశా. రాస్తున్నప్పుడు నా బుర్రలోకి వచ్చిన మొదటి మాట ఏంటో తెలుసా? హమ్మయ్య, ఆరింటి ఏబీజీ తియ్యక్కర్లేదు.

రెండో మాట ఇంకా ఘోరం. ఈ బెడ్ ఖాళీ అయింది కాబట్టి క్యాజువాలిటీలో ఆపి ఉంచిన కేసుని పైకి తోలేస్తారు, మళ్లీ హిస్టరీ మొదటి నుంచి రాసుకోవాలి అని.

ఆయన భార్య కర్టెన్ అవతల స్టూల్ మీద కూర్చుని ఉంది. వెళ్లి ఒక్క ముక్కలో చెప్పేశా, "అమ్మా, ఆయన పోయారు, ఇక్కడ సంతకం పెట్టాలి" అని. ఆమె తలూపింది. లేచి మంచం దగ్గరికెళ్లి ఆయన పాదాలు తడిమి చూసి "డాక్టరమ్మా, కాళ్లు చల్లగా ఉన్నాయి, ఇంకో దుప్పటేమన్నా ఉంటే ఇప్పిస్తావా" అంది. నేనేం చేశానంటే, చెవుడు ఉన్నవాళ్లకి చెప్పినట్టు గొంతు పెంచి మళ్లీ అదే చెప్పా, పోయారమ్మా, సంతకం. ప్యాడ్ ఆమె ముందుకి తోశా కూడా. ఈలోపు సిస్టర్, నలభై బెడ్లకి ఆ రాత్రి ఆమె ఒక్కతే, ఎక్కణ్ణుంచి తెచ్చిందో ఒక దుప్పటి తెచ్చి ఆయన కాళ్ల మీద కప్పి అంచులు సర్దింది. ఆ ముసలామె వీపు మీద చెయ్యేసి ఊరికే నిలబడింది, ఏమీ మాట్లాడలేదు. ఒక నిమిషం పట్టి ఉంటుంది అంతే, ఆ నిమిషమంతా నాకు కోపం. సిగ్గు కాదు బాధ కాదు, కోపం, టైమ్ వేస్ట్ చేస్తున్నారని. ఆ కోపం నాకిప్పటికీ ఒంట్లో గుర్తుంది.

మర్నాడు సాయంత్రం డ్యూటీ దిగి పడుకుంటే పదకొండు గంటలు పడుకున్నా. లేచి మంచం మీద కూర్చున్నా, నా కాళ్ల మీద దుప్పటి ఉంది, అది చూసి ఏడుపు మొదలైంది, ఎంతకీ ఆగలేదు, రూమ్మేట్ ఇంట్లో ఏమన్నా జరిగిందేమో అని భయపడింది. అంటే నాలో జాలి చావలేదు కదా. నిద్రపోయాక వచ్చింది. నా థియరీ మొత్తం ఈ ఒక్క పదకొండు గంటల నిద్ర మీదే నిలబడి ఉంది, సైన్స్ అంటే ఇది కాదని నాకూ తెలుసు, అయినా ఎవరొచ్చి చెప్పినా మార్చుకోను.

మరీ సైన్స్ లేకుండా కూడా ఏం లేదులే. 1997లో ఆస్ట్రేలియాలో డాసన్, రీడ్ అనే ఇద్దరు పరిశోధకులు కొంతమందిని రాత్రంతా మెలకువగా ఉంచి చేతి పని పెట్టి చూశారు, 24 గంటలు నిద్ర లేకపోతే ఆ పనిలో తడబాటు రక్తంలో 0.10 శాతం ఆల్కహాల్ ఉన్నవాడితో సమానంగా ఉంది. ఆ స్థితిలో బండి నడిపితే కేసు పెడతారు, మనకి మాత్రం సూది చేతికిచ్చి పంపిస్తారు. ఇక నీ థర్డ్ ఇయర్ సంగతి. అమెరికాలో ఫిలడెల్ఫియాలోని జెఫర్సన్ మెడికల్ కాలేజీలో హోజాత్ అనే ఆయన టీమ్ 456 మంది స్టూడెంట్స్‌ని ఏటేటా ఎంపథీ స్కేల్ మీద, అంటే ఎదుటివాళ్ల బాధ ఎంత అర్థమవుతుందో చూసే ప్రశ్నపత్రంతో, కొలుచుకుంటూ వెళ్లి 2009లో అచ్చు వేసింది. మొదటి రెండేళ్లు బానే ఉంది, థర్డ్ ఇయర్‌లో పడిపోయింది. అక్కడ థర్డ్ ఇయర్ అంటే పూర్తిగా వార్డుల్లోకి దిగే ఏడాది. అందరూ దీన్ని చూసి "పేషెంట్లని చూడగానే జాలి పోయింది" అని చదువుకుంటారు. నేనేమంటానంటే ఆ ఏడాదే కదా రాత్రి డ్యూటీలు మొదలయ్యేది, ఆ ఏడాదే కదా రౌండ్స్‌లో పదిమంది ముందు తిట్లు తినేది, ఆ లెక్క ఎవరు చూస్తారు? పైగా ఆ స్కేల్ 20 ప్రశ్నలు, ఎవరికి వాళ్లే టిక్ పెట్టుకోవడం. ఆ రాత్రి నాలుగున్నరకి నాకిచ్చి ఉంటే అట్టడుగున తేలేదాన్ని, ఆ పదకొండు గంటల తర్వాత ఇచ్చి ఉంటే నా అంత దయామయి లేదు.

ఇక ఈ కమ్యూనికేషన్ స్కిల్స్ పరీక్ష ఒకటి. ఓఎస్‌సీఈ అనే ప్రాక్టికల్ పరీక్షలో ఒకాయన పేషెంట్‌లా నటిస్తూ కూర్చుంటాడు, మనం తలూపితే ఒక మార్కు, "మీకెంత కష్టంగా ఉందో అర్థం చేసుకోగలను" అంటే ఒక మార్కు, కొంచెం ముందుకి వంగి కూర్చుంటే ఇంకో మార్కు. దాంట్లో నాకు ఫుల్ మార్కులు వచ్చాయి తెలుసా. ప్యాడ్ తోసిన చెయ్యి ఇదే.

బర్నౌట్, అంటే పని వల్ల పూర్తిగా అలసి చితికిపోవడం, అన్న మాట కూడా అరిగిపోయింది. 1974లో ఆ మాట మీద మొదట పేపర్ రాసిన ఫ్రాయిడెన్‌బెర్గర్ న్యూయార్క్‌లో పగలంతా సొంత ప్రాక్టీస్, రాత్రి ఫ్రీ క్లినిక్ చేసి తనే కూలబడినవాడు, అంటే పుట్టుకలోనే నైట్ డ్యూటీ ఉంది దానికి. తర్వాత 1981లో మాస్లాక్, జాక్సన్ దాన్ని కొలిచే పద్ధతి తెచ్చారు, అందులో అలసట ఒక ముక్క, నేను చేసే పనికి విలువే లేదు అనిపించడం ఇంకో ముక్క, మనిషిని వస్తువులా చూడటం ఇంకోటి. "పన్నెండో బెడ్‌కి ఏబీజీ పంపావా" అంటాం చూడు, అదే. 2019లో డబ్ల్యూహెచ్‌ఓ వాళ్లు ఇది జబ్బు కాదు, పని చేసే చోట ఒత్తిడిని సరిగ్గా చూసుకోకపోతే పుట్టేది అని తేల్చారు. పనిలో పుట్టిందని వాళ్లే రాస్తే మందు మాత్రం మన నోట్లో పోస్తారేంటి? మాకు ఒకసారి మైండ్‌ఫుల్‌నెస్ సెషన్ పెట్టారు, పెట్టింది ఎప్పుడు, వారానికి ఉన్న ఒక్క ఆఫ్ రోజున, అటెండెన్స్ కంపల్సరీ. కళ్లు మూసుకుని శ్వాస మీద ధ్యాస పెట్టండి అన్నారు, హాల్లో సగం మంది గురక. ఆ సెషన్ వల్ల జరిగిన మేలు అదొక్కటే.

సీనియర్లతో ఈ మాట అంటే "మేం 36 గంటలు చేశాం, మాకేమైంది" అంటారు. ఏమైందో వాళ్ల ఓపీలో కూర్చునే పేషెంట్లని అడగాలి. 1984లో న్యూయార్క్‌లో లిబ్బీ జియోన్ అనే పద్దెనిమిదేళ్ల అమ్మాయి జ్వరంతో రాత్రి ఆసుపత్రిలో చేరి తెల్లారేసరికి పోయింది, చూసినవాళ్లు గంటల తరబడి డ్యూటీలో ఉన్న జూనియర్లు, ఆ అమ్మాయి నాన్న ఊరుకోకుండా కొట్లాడితే 1989లో ఆ రాష్ట్రంలో జూనియర్ల డ్యూటీ వారానికి 80 గంటలు దాటకూడదని రూల్ వచ్చింది. ఎనభై! అదీ సంస్కరణ. దీనికి మా సార్ ఒకాయన 2016లో సర్జరీ రెసిడెంట్ల మీద, అంటే సర్జరీలో ట్రైనింగ్ అవుతున్న డాక్టర్ల మీద, చేసిన ట్రయల్ చూపిస్తారు, షిఫ్టుల రూల్స్ సడలించినా పేషెంట్ల చావులూ కాంప్లికేషన్లూ పెరగలేదు కదా అని. నిజమే సార్, పెరగలేదు. నేను చావుల గురించి మాట్లాడట్లేదు, దుప్పటి గురించి మాట్లాడుతున్నా, అది ఏ ట్రయల్‌లో కొలిచారు?

సరే నీ విషయానికొస్తా. ఏడుపు రావట్లేదని కంగారు పడకు, అది కొలమానం కాదు. ఆ సిస్టర్ ఏడవలేదు. జర్మనీలో తానియా సింగర్ అనే పరిశోధకురాలి టీమ్ వాళ్లు బ్రెయిన్ స్కాన్లు చేసి చూశారు, ఎదుటివాళ్ల నొప్పిని మనం కూడా మొయ్యడం వేరు, వాళ్లకి కాస్త తెరిపి దొరకాలి అనుకోవడం వేరు, మెదడులో పనిచేసే చోట్లు కూడా వేరు. మొదటిది మనల్ని పిండేస్తుంది, రెండోది నిలబెడుతుంది. నువ్వు మొదట్లో ఏడ్చింది మొదటిది, అది తగ్గితే తగ్గనీ. నువ్వు చూసుకోవాల్సింది ఇంకోటి, పేషెంట్ మీద కోపం వస్తోందా? ఏదో అడిగినందుకు, మళ్లీ అడిగినందుకు, ఆఖరికి జబ్బు ముదిరినందుకు కూడా? అది వచ్చిన రోజు నీ గుణం గురించి ఆలోచించకు, ఎన్ని గంటల నుంచి మెలకువగా ఉన్నావో లెక్కపెట్టు.

మానెయ్యాలా అన్నది డ్యూటీ దిగిన రోజు మాత్రం తేల్చుకోకు, నేను అలాంటి రోజుల్లో మూడుసార్లు రాజీనామా రాశా, మూడూ పడుకుని లేచాక చింపేశా. రెండు మూడు రాత్రులు సరిగ్గా నిద్రపోయాక కూడా ఏమీ అనిపించకపోతే, లేదా బతకడమే దండగ లాంటి ఆలోచనలు వస్తుంటే అది వేరే సంగతి, అప్పుడు నాలాంటి వాళ్ల థియరీలు చదువుతూ కూర్చోకుండా సైకియాట్రీ డిపార్ట్‌మెంట్‌లో ఎవరో ఒకరి దగ్గరికి ఆ రోజే వెళ్లు, క్లాసులో ఎవరన్నా చూస్తారని ఆగకు. నేను వెళ్లా. వెయిటింగ్‌లో నా పక్క కుర్చీలో కూర్చుంది ఎవరనుకున్నావు, "మేం 36 గంటలు చేశాం" అనే సార్లలో ఒకాయన. ఇద్దరం ఫోన్లు చూసుకుంటున్నట్టు నటించాం.