జనవరి చలిలో పెద్దవాళ్లతో హాంకాంగ్ ప్రయాణం: మా అనుభవం

డెబ్బై దాటిన అమ్మానాన్నలను డిసెంబరు, ఫిబ్రవరి నెలల మధ్య ఐదు రోజులు హాంకాంగ్ తీసుకెళ్లాలంటే ఏ వారాలు మంచివి, చలి ఎంత ఉంటుంది, శాకాహారులకు భోజనం ఎలా అని మీరు అడిగారు. మేము మా అమ్మను, ఎనిమిదో తరగతి చదువుతున్న మా అమ్మాయిని తీసుకుని ఒక జనవరిలో సరిగ్గా ఐదు రోజులే అక్కడ ఉండి వచ్చాము. కాబట్టి మీ ప్రశ్నలలో నాకు తెలిసినంతవరకు సమాధానం రాస్తున్నాను.

ముందుగా చలి సంగతి. అంకెల్లో చూస్తే అది భయపెట్టేది కాదు. జనవరి సగటు ఉష్ణోగ్రత సుమారు 16.5 డిగ్రీలు. హైదరాబాదులో తెల్లవారుజామున అంతకన్నా తక్కువే చూస్తుంటాము గనుక ఆ ధైర్యంతో తలా ఒక స్వెట్టరు మాత్రమే పెట్టుకుని బయలుదేరాము. కానీ మన దగ్గర పదకొండయ్యేసరికి ఎండ కాసి ఒళ్లు వెచ్చబడుతుంది. అక్కడ ఈశాన్య రుతుపవనం ఉత్తరం నుంచి చలిగాలిని మోసుకొచ్చిన రోజున ఉదయం ఎంత చలో మధ్యాహ్నం కూడా దాదాపు అంతే, పైగా రేవు మీది గాలి ఒకటి. అంతకన్నా ముఖ్యంగా, అక్కడి ఇళ్లలోనూ చాలా హోటళ్లలోనూ గదిని వెచ్చబరిచే ఏర్పాటు ఉండదు. మా గదిలోని ఏసీకి చల్లబరచడం తప్ప మరొకటి తెలియదు. బయట 11 డిగ్రీలున్న ఆ మొదటి రాత్రి అమ్మకు రెండు రగ్గులు కప్పినా నిద్ర పట్టలేదు, శాలువా చుట్టుకుని మంచం మీద కూర్చునే తెల్లవార్చింది. మర్నాడు అడిగితే హోటలువారు చిన్న హీటరు ఒకటి తెచ్చి పెట్టారు. ఆ మాట ముందే అడగకపోవడం నా పొరపాటు. మీరు గది బుక్ చేసే ముందే ఏసీ వెచ్చటి గాలి కూడా ఇస్తుందా, లేకుంటే హీటరు ఇస్తారా అని రాసి అడిగి, సమాధానం రాతపూర్వకంగా తీసుకోండి. 2016 జనవరి 24న అక్కడ 3.1 డిగ్రీలు నమోదైంది. అది అరుదే అయినా పెద్దవాళ్లకు మంకీ టోపీ, మేజోళ్లు, గాలి చొరబడని కోటు తప్పనిసరి.

వారాల విషయానికి వస్తే, డిసెంబరు ఆరంభం నుంచి జనవరి సగం వరకు నా ఓటు. అప్పుడు వానలు తక్కువ, గాలి పొడిగా ఉంటుంది. ఫిబ్రవరి చివరికి తేమ పెరిగి, పొగమంచు పట్టి, కొండ మీదకు ఎక్కినా కింద రేవు కనిపించని రోజులు వస్తాయి. చైనీయుల కొత్త సంవత్సరం కూడా చూసుకోవాలి. అది 2026లో ఫిబ్రవరి 17న, 2027లో ఫిబ్రవరి 6న వస్తుంది. రెండో రోజు రేవు మీద బాణసంచా కాల్చడం ఆనవాయితీ. అయితే సంక్రాంతికి మన నగరాలలో చిన్న కొట్లు మూసినట్టే అక్కడా మూస్తారు, హోటలు ధరలు పెరుగుతాయి.

టికెట్లు కొనక ముందే చేయవలసిన పని ఒకటుంది. భారతీయులకు 14 రోజుల వరకు వీసా అక్కరలేదు గాని, ముందస్తు ఆన్‌లైన్ నమోదు తప్పనిసరి. రుసుము లేదు, ఆరు నెలలు చెల్లుతుంది. ప్రతి ఒక్కరికీ విడివిడిగా చేసి, వచ్చిన పత్రాన్ని అచ్చు తీసి పాస్‌పోర్టుతో ఉంచుకోవాలి. వివరాలు పాస్‌పోర్టులో ఉన్నవి ఉన్నట్టే నింపాలి. మన పాత పాస్‌పోర్టులలో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండటం, లేదా పేరంతా ఒకే గడిలో ఉండటం మామూలే గనుక ఇక్కడ తొందరపడకండి. మా అమ్మ వివరాలు నేను మూడుసార్లు సరిచూశాకే పంపాను. నమోదు తిరస్కరిస్తే వీసాకు దరఖాస్తు చేయాలి, దానికి సాధారణంగా నాలుగు వారాలు పడుతుంది. టికెట్లు తరువాత కొనమన్నది అందుకే.

బసకు రేవు ఒడ్డునున్న చిమ్ షా చూయి ప్రాంతం మంచిదని నా అభిప్రాయం. రేవు కనిపించే గదికి ఎక్కువ డబ్బు పెట్టనక్కరలేదు, నడిచి వెళ్లేంత దూరంలోనే రేవు ఒడ్డున విశాలమైన నడకదారి ఉంది. భోజనానికి నేథన్ రోడ్డులోని చుంగ్‌కింగ్ మాన్షన్స్‌లో భారతీయ హోటళ్లు దొరుకుతాయి. చైనీయుల హోటళ్లలో కూర అంతా ఆకుకూరే అయినా ఆల్చిప్పల సాసు వేస్తారు గనుక కేవలం "మాంసం వద్దు" అంటే సరిపోదు. బౌద్ధ శాకాహారాన్ని అక్కడ "జాయ్" అంటారు, ఆ మాట చెప్పండి. చీ లిన్ సన్యాసినుల మఠం పక్కనున్న నాన్ లియాన్ తోటలోని శాకాహార భోజనశాలలో పుట్టగొడుగుల వంటకాలు అమ్మకు ఎంతో నచ్చాయి.

లాంటావ్ దీవిలోని పెద్ద బుద్ధ విగ్రహానికి 268 మెట్లున్నాయి. మోకాళ్ల నొప్పి వల్ల అమ్మ కిందే కూర్చుని నమస్కరించుకుంది, మేము ఎక్కి వచ్చాము. గాలి బలంగా ఉంటే తుంగ్ చుంగ్ నుంచి అక్కడికి వెళ్లే కేబుల్ కారు ఆపేస్తారు; అప్పుడు అదే చోటు నుంచి 23వ నంబరు బస్సు ఉంటుంది. విక్టోరియా పీక్ అనే కొండ మీద రేవు ఒడ్డుకన్నా రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉంటుంది. అయినా పైన లూగార్డ్ రోడ్డు చాలావరకు చదునుగా ఉంటుంది, కాబట్టి పెద్దవాళ్లు మెల్లగా నడవగలరు. నగరమంతా కాళ్ల కింద కనిపించే ఆ దారి ఉచితమే.

ఇక రేవు దాటించే పడవ స్టార్ ఫెర్రీని ఒక్కసారి ఎక్కి సరిపెట్టకండి. 1888లో ఒక పార్సీ వ్యాపారి, దొరాబ్జీ నౌరోజీ మిఠాయివాలా ప్రారంభించిన సంస్థే నేటి స్టార్ ఫెర్రీ అని చెబితే మా అమ్మ అది మన వాళ్ల పడవే కదా అని రోజూ ఎక్కుదామంది. సాయంత్రం ఏడున్నర ప్రాంతంలో ఎదుటి ఒడ్డునున్న సెంట్రల్ నుంచి ఎక్కితే ఎనిమిది గంటల దీపాల ప్రదర్శన సమయానికి చిమ్ షా చూయి ఒడ్డున ఉంటారు. పై డెక్కులో అద్దాలు బిగించిన భాగంలో పెద్దవాళ్లను కూర్చోబెడితే వాళ్లకు గాలి తగలదు.