మనిషి లేకపోతే ఆగే ఏసీ కోసం ఎఫ్‌డీ తీయాలా?

ప్రశ్న: మాది విశాఖ ఎంవీపీ కాలనీ. రిటైరయ్యాను. రెండు స్ప్లిట్ ఏసీలున్నాయి, ఎప్పుడూ 20లోనే పెడతాం. వేసవిలో నెలకు 480 యూనిట్లు కాలుతోంది. సాయంత్రం బీచ్ రోడ్డుకు నడకకు వెళ్లినా హాల్లో ఏసీ తిరుగుతూనే ఉంటుంది. ఇంట్లో మనుషులు లేరని గ్రహించి తనంతట తానే ఏసీని తగ్గించే థర్మోస్టాట్ (చల్లదనాన్ని అదుపు చేసే పరికరం) పెట్టించమని అమెరికాలో ఉన్న మా అబ్బాయి అంటున్నాడు. సెన్సర్లతో కలిపి రూ.22 వేలవుతుంది. ఎఫ్‌డీ తీయమంటారా?

జవాబు: వద్దండి. మీ అబ్బాయి మాట అక్కడికి సరైనదే. అక్కడ చాలా ఇళ్లలో ఇల్లంతటికీ ఒకే యంత్రం, గోడమీద ఒకే థర్మోస్టాట్. మన స్ప్లిట్ ఏసీ రిమోట్ మాటే వింటుంది.

ఇక లెక్క. మీ విద్యుత్ పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్ బిల్లులో మొదటి 30 యూనిట్లకు రూ.1.90 చొప్పునే పడుతుంది. 225 దాటితే రూ.8.75, 400 దాటితే రూ.9.75. మీరు మిగిల్చే యూనిట్ ఆ పై రేటు నుంచే తగ్గుతుంది. ఖాళీ హాల్లో రోజుకు రెండు గంటలు, గంటకు ఒక యూనిట్ అనుకుందాం. నెలకు 60 యూనిట్లు, అంటే రూ.585. నాలుగు నెలల వేసవికి రూ.2,340. రూ.22 వేలు తిరిగి రావడానికి తొమ్మిదేళ్లు దాటుతుంది. అప్పటికి ఆ ఏసీయే ఉంటుందో లేదో!

పైగా చవక సెన్సర్లు కదలికనే చూస్తాయి. మధ్యాహ్నం మీరు కునుకు తీస్తే గదిలో ఎవరూ లేరనుకుని ఏసీ ఆపేస్తాయి. విశాఖ ఉక్కపోతలో చెమటతో లేస్తారు.

పైసా ఖర్చు లేని పని ఒకటుంది. ఏసీని 24కి మార్చి, ఫ్యాన్ వేసుకోండి. ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం కరెంటు ఆదా అని కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ బీఈఈ అంచనా. మీ ఏసీల వాటా 300 యూనిట్లయితే 70 దాకా తగ్గుతాయి. నడకకు బయల్దేరే ముందు రిమోట్‌లో టైమర్ పెట్టండి. అది గుర్తుండదంటే, ఫోన్ నుంచి ఆపే చిన్న రిమోట్ పరికరం రెండు వేల లోపు దొరికితే హాలుకు ఒకటి చాలు.

సముద్రం దగ్గర కదా, ఉప్పుగాలికి అవుట్‌డోర్ యూనిట్ రేకులు తుప్పు పడతాయి. మార్చిలోనే సర్వీసింగ్ చేయించండి. ఎఫ్‌డీ ఉన్నచోటే ఉండనివ్వండి. అబ్బాయి కొనిపెడతానంటే మాత్రం, మీ ఏసీ మోడల్ నంబరు పంపి సరిపోతుందో లేదో ముందే చూడమనండి.