సెషన్ గిటారిస్టు కథ రాస్తున్న నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

జాజ్ సెషన్ గిటారిస్టుల మీద, అంటే ఎవరి రికార్డింగ్‌కైనా కూలికి వెళ్లి వాయించే జాజ్ గిటారిస్టుల మీద, నువ్వు పంపిన వ్యాసం చదివాను. వాక్యం బాగుంది, పడ్డ శ్రమ కూడా కనిపిస్తోంది. కానీ మొదటి పేజీలోనే ఏడుపు మొదలెట్టావు. 'చరిత్ర మరిచిన వేళ్లు', 'పేరుకు నోచుకోని మహానుభావులు' లాంటివన్నీ కొట్టెయ్. 1950, 60ల్లో లాస్ ఏంజెలిస్ స్టూడియోల్లో గిటార్ వాయించినవాళ్లు మన జాలి కోసం వాయించలేదు. జాజ్ మీద ప్రేమ ఉంది, దాంతో ఇల్లు గడవడం కష్టంగా ఉంది, స్టూడియో నుంచి ఫోన్ వచ్చింది, వెళ్లారు. కేరల్ కే సంగతే చూడు. పగలు టైపిస్టు ఉద్యోగం, రాత్రి క్లబ్బుల్లో జాజ్ గిటార్, ఇంట్లో పిల్లలు, తల్లి. 1957లో గాయకుడు శామ్ కుక్ రికార్డింగ్‌కి పిలిస్తే వెళ్లింది. ఇక న్యూయార్క్‌లో మిక్కీ బేకర్. జాజ్ తప్ప మరోటి వద్దనుకున్న మనిషి, పీ వీ క్రేటన్ అనే గిటారిస్టు బ్లూస్ వాయించి సంపాదిస్తున్నాడని చూసి దారి మార్చాడు. నీ వ్యాసం ఇక్కడ మొదలవ్వాలి, ఇంటి ఖర్చుల దగ్గర.

తర్వాత పాఠకుణ్ణి స్టూడియో గదిలోకి తీసుకెళ్లు. అమెరికాలో సంగీతకారుల యూనియన్ లెక్కలో మామూలు రికార్డింగ్ సెషన్ అంటే 3 గంటలు. అందులో వాడుకోగలిగే సంగీతం 15 నిమిషాలు. దాటితే అదనపు డబ్బు కట్టాలి. ఒకడే రెండో వాయిద్యం కూడా పట్టుకుంటే దానికీ అదనం ఉంటుంది. ఇవి నీకు పొడి లెక్కల్లా కనిపించి వదిలేశావేమో, నాకైతే కథంతా వీటిలోనే ఉందనిపిస్తుంది. గోడమీద గడియారం తిరుగుతుంటే, ఎప్పుడూ చూడని స్వరాల కాగితం ముందు పెడతారు. కౌంట్ చెప్పగానే మొదలెట్టాలి. పియానోలో ఒక స్వరానికి ఒకటే మెట్టు. గిటార్ మెడ మీద అదే స్వరం చాలాసార్లు మూడు నాలుగు చోట్ల దొరుకుతుంది. ఏ తీగ మీద పట్టుకుంటే తర్వాతి బార్‌కి (తాళంలో తర్వాతి ముక్కకి) చెయ్యి అందుతుందో చదువుతూనే తేల్చుకోవాలి. ఆ క్షణాన్ని పట్టుకో. 'అపార ప్రతిభ' అన్న మాట అవసరమే ఉండదు.

గిటారిస్టు టామీ టెడెస్కో గురించి నువ్వు రాసింది మూడు వాక్యాలు, మూడూ పొగడ్తలే. ఆయన పనితనం గురించి ఒక్క ముక్కా లేదు. సినిమా సంగీతం వాళ్లు మాండొలిన్ కావాలంటారు, ఇంకో రోజు గ్రీకుల తీగవాయిద్యం బుజూకీ అంటారు. ఆయన ఆ వాయిద్యం తీగల్ని గిటార్ శ్రుతికి బిగించేసుకుని, తెలిసిన వేళ్లతోనే పని కానిచ్చేవాడు. చెవికి మాండొలిన్, చేతికి గిటార్. ఇది తెలివా, దొంగాటా అని నువ్వు తీర్పు చెప్పొద్దు. నాకైతే నవ్వొస్తుంది, పాఠకుడికి ఏం అనిపిస్తుందో వాడికి వదిలెయ్.

అసలు విషయానికి వస్తాను. అన్నీ వాయించగలిగినవాడు ఏం వాయించకుండా ఆగాడన్నదే సెషన్ గిటారిస్టు కథ. దీనికి నీ దగ్గర ఉన్నవాటిలో మంచి ఉదాహరణ గిటారిస్టు బార్నీ కెసెల్. 1947లో సాక్సోఫోన్ దిగ్గజం చార్లీ పార్కర్ పక్కన రికార్డు చేశాడు, తర్వాత పియానిస్టు ఆస్కార్ పీటర్సన్ ట్రయోలో (ముగ్గురి బృందంలో) ఆ పియానో వేగానికి దీటుగా వాయించాడు. 1955లో జూలీ లండన్ (పేరే లండన్, మనిషి కాలిఫోర్నియా) పాడిన 'క్రై మీ ఎ రివర్'లో ఆమె గొంతు, కెసెల్ గిటార్, రే లెదర్‌వుడ్ బేస్, అంతే. డ్రమ్స్ లేవు, పియానో లేదు. అంత ఖాళీలో ఆ వేళ్లు ఎంత పొదుపుగా కదిలాయో విను. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, పాట సాహిత్యం కాగితం మీద రాసుకుని, ఏ మాట దగ్గర కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుంపు) మారింది, ఎక్కడ గాయని ఊపిరి తీసుకుంటే గిటార్ మాట్లాడింది, ఎక్కడ మాట్లాడే వీలుండీ ఊరుకుంది, పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకో. ఆ కాగితం చూసి రాస్తే పేజీ దానంతట అదే నిండుతుంది. ఇప్పుడు నువ్వు రాసిన 'మృదు మధుర వాదన' ఏ పాటకైనా అతుకుతుంది, అందుకే దేనికీ అతకదు.

మరి సొంత సంగీతం సంగతేమిటని అడుగుతావు. అడగాల్సిందే, కానీ జవాబు విషాదమే అని ముందే అనుకోకు. కెసెల్ 1960ల్లో పాప్ రికార్డులకు ఎన్నో సెషన్లు చేశాడు. 1970ల్లో తోటి గిటారిస్టులు చార్లీ బర్డ్, హెర్బ్ ఎల్లిస్‌లతో కలిసి 'గ్రేట్ గిటార్స్' పేరుతో వేదిక మీద జాజే వాయించాడు. కేరల్ కే మాత్రం బేస్ గిటార్‌కి మారి దానితోనే ప్రసిద్ధురాలైంది. ఒకరి దారి ఇంకొకరికి అంటగట్టొద్దు.

ఒక చిన్న టెన్షన్ నాకు మిగిలింది. 1964 నాటి సన్నివేశంలో నీ పాత్రలు తమను తాము 'రెకింగ్ క్రూ' అని చెప్పుకుంటున్నాయి. లాస్ ఏంజెలిస్ స్టూడియో వాద్యకారుల గుంపుని ఇప్పుడు అలా పిలుస్తారు, కానీ ఆ పేరుకి ప్రచారం తెచ్చింది డ్రమ్మర్ హాల్ బ్లెయిన్ 1990లో వేసిన పుస్తకం. ఆ రోజుల్లో ఆ పేరు ఎవరూ వాడలేదని కేరల్ కే గట్టిగా వాదించింది. కాబట్టి ఆ సంభాషణ తీసెయ్. ఎవరు ఏ పాటకు వాయించారన్న విషయంలో కూడా ఇలాంటి తగాదాలు బోలెడు, ఎందుకంటే అప్పటి రికార్డు అట్టల మీద చాలావరకు వాళ్ల పేర్లు వేయలేదు. ఏళ్ల తర్వాత ఇచ్చిన ఇంటర్వ్యూ కంటే, ఆ రోజు స్టూడియోలో నింపిన యూనియన్ కాంట్రాక్టు కాగితాన్ని ముందు నమ్ము. తేదీ, స్టూడియో, వాయించినవాళ్ల పేర్లు అందులో ఉంటాయి. కాగితం, జ్ఞాపకం రెండూ పొసగకపోతే రెండూ రాయి, ఎవరి మాట ఏదో చెప్పు.

వ్యాసమంతా ఒకేసారి తిరగరాయకు. ముందు జూలీ లండన్ పాట భాగం ఒక్కటి రాసి పంపు, పెన్సిల్ గుర్తులున్న కాగితం కూడా జత చెయ్. మిగతాది అది చూశాక మాట్లాడుకుందాం.