గట్టిగా ఉన్న స్ఫటికంలో అయాన్లు ఎలా కదులుతాయి?

స్ఫటికం కరగకుండానే, అయాన్లు (విద్యుదావేశం ఉన్న పరమాణువులు) పక్కనున్న ఖాళీ స్థానంలోకో ఇరుకు సందులోకో ఒక్కో గెంతు వేస్తూ కదులుతాయి.

ఏ స్ఫటికమూ నూటికి నూరు పాళ్లు నిండి ఉండదు; అక్కడక్కడా స్థానాలు ఖాళీగా ఉంటాయి. అయాను తన చోట సెకనుకు లక్షల కోట్ల సార్లు కంపిస్తూ ఉంటుంది. చుట్టూ ఉన్న అయాన్లు గోడలా అడ్డుకోవడంతో దాదాపు ప్రతిసారీ వెనక్కే వస్తుంది. ఎప్పుడో ఒకసారి తగినంత శక్తి అందితే గోడ దాటి ఖాళీలో పడుతుంది. అప్పుడు దాని పాత చోటు ఖాళీ అయి, అందులోకి మరొకటి దూకుతుంది. వేడి పెరిగేకొద్దీ గెంతులు విపరీతంగా పెరుగుతాయి.

బెంగళూరు సిల్క్ బోర్డు కూడలిలో బారులు తీరే పెట్రోలు కార్లనే చూడండి. వాటి పొగగొట్టానికి బిగించే ఆక్సిజన్ సెన్సరులో సాధారణంగా ఉండేది జిర్కోనియా (జిర్కోనియం, ఆక్సిజన్ కలిసిన) పింగాణీ. అందులో కావాలనే ఇట్రియం అనే లోహాన్ని కలుపుతారు. జిర్కోనియం ఆవేశం నాలుగు, ఇట్రియానిది మూడే. ఆ లోటు సరిపడేందుకు ప్రతి రెండు ఇట్రియం అయాన్లకూ ఒక ఆక్సిజన్ స్థానం ఖాళీ అవుతుంది. సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దాటాక ఆక్సిజన్ అయాన్లు ఆ ఖాళీల గుండా నడుస్తాయి. పొగలో ఆక్సిజన్ ఎంతుందో సెన్సరు వోల్టేజీ చెబుతుంది. ఎంత అందమైన ఏర్పాటో!

ఘనరూపంలోని ఉప్పు విద్యుత్తును ప్రసరింపజేయదని బడిలో చదివి, ఘనపదార్థాల్లో అయాన్లు అసలు కదలవని చాలామంది అనుకుంటారు. ఉప్పులోనూ కదులుతాయి, గది ఉష్ణోగ్రత వద్ద అది లెక్కలోకి రానంత స్వల్పం, అంతే. సిల్వర్ అయొడైడ్‌లోనైతే 147 డిగ్రీలు దాటగానే వెండి అయాన్లు దాదాపు ద్రవంలో ఉన్నంత వేగంగా తిరుగుతాయి, అయొడైడ్ అమరిక మాత్రం గట్టిగానే నిలబడి ఉంటుంది.