వైఫై పనికి దిగుతున్న అమ్మణ్ణికి

అమ్మణ్ణీ,

తిరుపతిలో మీ యూనివర్సిటీ క్యాంపస్ మొత్తానికీ వైఫై మార్చే పని నీకు అప్పజెప్పారని మీ నాన్న చెప్పాడు. కడుపు నిండిపోయింది. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఈ పనిలో మెచ్చుకునేవాళ్లు తక్కువ, మాటలనేవాళ్లు ఎక్కువ.

నీకు తెలిసినవి ముందు చెప్పేస్తా. కేబుళ్లన్నీ కలిసే స్విచ్ నుంచి, వైఫై సిగ్నల్ ఇచ్చే డబ్బా, అదే యాక్సెస్ పాయింట్‌కు, రాగి కేబుల్ 100 మీటర్లు దాటకూడదు. బిల్డింగుల మధ్య ఫైబరే వేయించు, పిడుగు పడితే రాగి తీగ రెండు వైపులా స్విచ్‌లను కాల్చేయగలదు. డబ్బాలకు కరెంటు కూడా ఆ కేబుల్లోనే పోతుంది కదా, పాత స్విచ్‌లు పోర్టుకు 15.4 వాట్లే ఇస్తాయేమో చూడు, కొత్త డబ్బాలు చాలావాటికి 30 వాట్ల పోర్టు కావాలి. పిల్లలకు ఫోనూ ల్యాప్‌టాపూ రెండూ ఉంటాయి, ఒక్కోదానికీ నెట్‌వర్క్‌లో ఒక అడ్రసు కావాలి, 254 అడ్రసులే ఉన్న సబ్‌నెట్ (నెట్‌వర్క్‌లో ఒక భాగం) హాస్టల్‌కు ఏ మూలకూ చాలదు.

ఇక హాస్టల్ సంగతి. ఈ ఉత్తరం రాస్తున్నదే దానికోసం. చాలా ఏళ్ల కిందట నేను పనిచేసిన ఒక కాలేజీలో, కేబుల్ ఖర్చు కలిసొస్తుందని కాంట్రాక్టరు డబ్బాలన్నీ వరండాలో బారుగా బిగించాడు. వరండాలో నిలబడితే ఫోన్‌లో గీతలన్నీ నిండుగా ఉండేవి. గదిలోకి పోయి తలుపేస్తే ఏమీ లేదు. మందపాటి గోడలు, వాటికి ఆనించి ఇనుప బీరువాలు. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ అవి దాటేసరికే నీరసపడేది. కంప్లైంట్లు వస్తే ఆయన పవర్ పూర్తిగా పెంచేశాడు. గుడి మైకులో మాట ఊరంతా వినిపిస్తుంది, ఊళ్లోంచి మనం పలికితే మైకు దగ్గరున్నాయనకు వినబడుతుందా? ఫోన్ గతీ అంతే. గీతలు పెరిగాయి, పేజీ తెరుచుకోలేదు. పైగా 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి తగలని ఛానళ్లు మూడే, 1, 6, 11. పొడుగు వరండాలో అడ్డు లేక ఒకే ఛానల్‌లో ఉన్న డబ్బాలన్నీ ఒకదాని కోసం ఒకటి ఆగుతూ కూర్చున్నాయి.

ఫీజుకు ఆఖరి రోజు రాత్రి ఆడపిల్లలు చలిలో ఆ డబ్బాల కింద నేలమీద వరసగా కూర్చున్నారు. ఒకమ్మాయి ఫోన్‌లో పేజీ తిరుగుతూనే ఉంది. "సార్, రేపు కడితే తీసుకుంటారా?" అని అడిగింది. వాళ్ల నాన్న ఆవును అమ్మి పంపిన డబ్బట అది. ఏం చెప్పాలో నాకు తోచలేదు.

అందుకే పాపా, ప్లాన్ కాగితం చూసి నమ్మొద్దు. గదుల్లోకి వెళ్లు. రాత్రి తొమ్మిదికి, పిల్లలంతా ఉన్నప్పుడు, తలుపులేసి, మంచి ల్యాప్‌టాప్‌తో కాదు, వాళ్ల చవక ఫోన్లతోనే కొలువు. డబ్బాలు గదుల లోపల, తక్కువ పవర్‌తో పెట్టించు. ఎక్కువ పడతాయి, బడ్జెట్‌కోసం ఆఫీసులో గొడవ పడు. గొడవ పడటం నీకు నేర్పక్కర్లేదు.

నిచ్చెన మాత్రం ఎక్కొద్దు. ఎక్కుతావని నాకు తెలుసు, అందుకే గట్టిగా చెబుతున్నా. వానలో కుర్రాళ్లనీ డాబా ఎక్కించకు, వాళ్లకూ ఇంట్లో ఎదురుచూసే అమ్మలుంటారు. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైన సంగతి నువ్వు చూసిందే, కింది అంతస్తులో స్విచ్‌లు బిగించే రాక్‌ను నేలకు ఆనించొద్దు. పరీక్షలప్పుడు పాత నెట్‌వర్క్ ముట్టుకోవద్దు.

బిల్లు మీద సంతకానికి ఎవరు తొందరపెట్టినా, హాస్టల్ చివరి గదిలో పేజీ తెరుచుకున్నాకే పెట్టు. పైవాళ్లు ఒత్తిడి చేస్తే ఎంత రాత్రయినా నాకు ఫోన్ చెయ్యి.

మీ పెదనాన్న