ల్యాబ్‌లో బిల్డ్ అయిన సి ప్రాజెక్టుకు ఇంట్లో లింకర్ ఎర్రర్లు ఎందుకు?

మీ ప్రశ్న ఇదీ: సిటీ బస్సు ఛార్జీలు లెక్కకట్టే చిన్న సి ప్రాజెక్టు. మెయిన్.సి, ఫేర్.సి, ఫేర్.హెచ్, మూడే ఫైళ్లు. కూకట్‌పల్లిలో కాలేజీ ల్యాబ్‌లో ఉబుంటు 20.04 మీద మేక్ కొడితే శుభ్రంగా బిల్డ్ అయింది. అమీర్‌పేట హాస్టల్లో, ఉబుంటు 24.04 ల్యాప్‌టాప్‌లో ‘జీసీసీ -ఎల్‌ఎం మెయిన్.సి ఫేర్.సి’ అని కొడితే వర్గమూలం లెక్కకట్టే ఎస్‌క్యూఆర్‌టీ ఫంక్షన్‌కి ‘అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్’, టోటల్ అనే వేరియబుల్‌కి ‘మల్టిపుల్ డెఫినిషన్’ వస్తున్నాయి.

ఇవి లింకర్ ఇచ్చే ఎర్రర్లు. విడివిడిగా కంపైల్ అయిన ఫైళ్లనీ లైబ్రరీలనీ కలిపి ఒక ప్రోగ్రామ్‌గా చేసేదే లింకర్. కంపైలర్ పని అప్పటికే అయిపోయింది కాబట్టి సింటాక్స్ తప్పుల కోసం వెతకొద్దు. ఆఖర్న వచ్చే ‘ఎల్‌డీ రిటర్న్‌డ్ 1 ఎగ్జిట్ స్టేటస్’ లైన్‌లో (ఎల్‌డీ అంటే లింకరే) ఏమీ లేదు, దాని పైన ఉన్నవి చదవండి.

ఎస్‌క్యూఆర్‌టీది తేలిక. గణిత లైబ్రరీని కలపమని చెప్పే -ఎల్‌ఎం ని కమాండ్ చివరికి జరపండి, చాలు. లింకర్ ఎడమ నుంచి కుడికి చదువుకుంటూ పోతుంది. ఉబుంటులో దానికి ‘యాజ్-నీడెడ్’ ఆప్షన్ డిఫాల్ట్‌గా ఉంటుంది కాబట్టి, అప్పటిదాకా ఏ ఫైలూ అడగని లైబ్రరీని వదిలేస్తుంది. ఒక జాగ్రత్త: ఎస్‌క్యూఆర్‌టీకి 2.0 లాంటి సంఖ్య నేరుగా ఇచ్చి టెస్ట్ చేయకండి. కంపైలరే దాన్ని లెక్కకట్టేస్తుంది, లైబ్రరీ లేకపోయినా ఎర్రర్ రాదు.

అసలు విషయం టోటల్‌ది. మీరు ఫేర్.హెచ్‌లో ‘ఇంట్ టోటల్;’ అని రాసి ఉంటారు. ఆ హెడర్‌ని రెండు సి ఫైళ్లూ ఇన్‌క్లూడ్ చేస్తాయి, అంటే టోటల్ రెండుసార్లు పుడుతుంది. ఉబుంటు 20.04లో ఉండే జీసీసీ కంపైలర్ 9వ వెర్షన్ ఆ రెంటినీ ఒకటిగా కలిపేసేది. 2020లో వచ్చిన జీసీసీ 10 నుంచి ‘-ఎఫ్‌నో-కామన్’ డిఫాల్ట్ అయింది, ఇక కలపదు. 24.04లో ఉన్నది జీసీసీ 13. హెడర్‌లో ‘ఎక్స్‌టర్న్ ఇంట్ టోటల్;’ అని మార్చి, ఫేర్.సి లో మాత్రమే ‘ఇంట్ టోటల్ = 0;’ అని రాయండి. ఇన్‌క్లూడ్ గార్డ్ (ఒకే హెడర్ రెండోసారి చేరకుండా ఆపే లైన్లు) పెట్టినా ఇది పోదు, ఎందుకంటే గార్డ్ ఒక్కో సి ఫైలు కంపైల్ అయ్యేంతవరకే పనిచేస్తుంది. పాత పద్ధతికి తిప్పే ‘-ఎఫ్‌కామన్’ పెడితే ఎర్రర్ పోతుంది గానీ, మీ సొంత కోడ్‌కి ఆ దారి వద్దు.

ఇకమీదట ‘-సి’ ఆప్షన్‌తో ఒక్కో ఫైలూ విడిగా కంపైల్ చేయండి. అప్పుడు ఎర్రర్లో టీఎంపీ ఫోల్డర్‌లోని అర్థంకాని పేరు బదులు, కంపైల్ అయిన ఫైలు పేరు ఫేర్.ఓ అని కనిపిస్తుంది. తర్వాత ‘ఎన్‌ఎం ఫేర్.ఓ’ కొట్టండి, ఆ ఫైల్లోని ఫంక్షన్ల, వేరియబుళ్ల పేర్ల జాబితా వస్తుంది. పేరు పక్కన యూ ఉంటే ఈ ఫైలు ఆ పేరును బయటి నుంచి అడుగుతోంది, పెద్ద టీ ఉంటే ఆ ఫంక్షన్ ఇక్కడే ఉంది. చిన్న టీ ఉంటే దానికి స్టాటిక్ పెట్టారు, బయటివాళ్లకు దొరకదు. మీ పాత కోడ్‌లో టోటల్ పక్కన రెండు ఓ ఫైళ్లలోనూ బీ కనిపిస్తుంది, అంటే రెంటిలోనూ టోటల్ పుట్టింది. ల్యాబ్‌లో అదే కమాండ్ సీ చూపిస్తుంది, కామన్ అని.

ఇవి మార్చాక కూడా ఎర్రర్ వస్తే, రెండు ఓ ఫైళ్ల ఎన్‌ఎం అవుట్‌పుట్ మొత్తం ఇక్కడ పెట్టండి.