ఫోన్ గుంజుకుంటే ఆట ఆగుతదా?

ప్రశ్న: మాది మెట్‌పల్లి. మా ఆయన దుబాయిల ఉంటడు. పోయిన దసరాకు వచ్చినప్పుడు కొడుక్కు పెద్ద ఫోన్ తెచ్చిండు. బాబు ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. రాత్రి రెండింటి దాక దోస్తులతోని బీజీఎంఐ అనే తుపాకుల ఆట ఆడుతడు. నా ఖాతాల కెల్లి రూ.2,300 గూడ పోయినయ్. అడిగితే ‘ఈస్పోర్ట్స్‌ల, అంటే వీడియో గేముల పోటీలల్ల, కొలువుంటది, గిదే ఆడి సంపాదిస్త’ అంటుండు. నేను బీడీలు చేస్త, నాకు ఇవన్ని తెల్వయ్. ఫోన్ గుంజుకోమంటరా?

జవాబు: వద్దమ్మా. మ్యాచ్ నడుస్తున్నప్పుడైతే అసలే వద్దు.

ఈ ఆటలో వంద మంది దాకా దిగుతారు, నలుగురు ఒక జట్టు. చివరి దాకా నిలబడితే అరగంట పడుతుంది. మధ్యలో ఆపి, తిని వచ్చి మళ్లీ మొదలుపెట్టే వీలుండదు. ఆ మధ్య నా దగ్గరికొచ్చిన ఒక పిల్లాణ్ని ఆడి చూపించమన్నాను. ఇక్కడే, హన్మకొండ నయీంనగర్‌లో, నా గది కిటికీ పక్కన కూర్చున్నాడు. జట్టులో ఒకడికి గుండు తగిలి మోకాళ్ల మీద పడ్డాడు. ‘పొగ ఎయ్‌రా, వస్తున్న’ అని వీడు గోడ దూకి ఉరికాడు. పడ్డవాణ్ని లేపేలోపు సరిగ్గా వాళ్ల నాన్న ఫోన్. కట్ చేశాడు. నాన్నంటే లెక్కలేక కాదు, అవతల దోస్తు చచ్చిపోతాడని. ఆట ముగిశాక వాడే మళ్లీ ఫోన్ చేసి తిట్లు తిన్నాడు.

మీకు తెలియని సంగతేం కాదిది. అరుగు మీద నలుగురు కలిసి ముచ్చట పెట్టుకుంటూ బీడీలు చుడితే లెక్క ఎప్పుడు పూర్తయిందో తెలియదు. ఒక్కరే కూర్చుంటే సగానికే నడుము పడిపోతుంది. మీవాణ్ని పట్టి ఉంచేది తుపాకుల కంటే జట్టులోని మిగతా ముగ్గురి గొంతులే. చిక్కు కూడా అక్కడే ఉంది. ‘ఇంకొక్కటి రా’ అని ఒకడంటే మిగతా ముగ్గురూ లేవలేరు. పైగా మీ బీడీలకైనా ఓ లెక్క ఉంది, దీనికి లేదు. కష్టపడి పైకి తెచ్చుకున్న ర్యాంకు సీజన్ మారగానే కిందికి దిగుతుంది. మళ్లీ మొదలు.

అందుకే గంటల లెక్క పెట్టకండి, మ్యాచ్‌ల లెక్క పెట్టండి. రోజుకు రెండు, పదింటిలోపు. అన్నం సంగతి మ్యాచ్ మొదలుకాక ముందే చెప్పండి. ‘నేను పదింటికి పోత’ అని ఆ ముగ్గురికి మీవాడే ముందుగా చెప్పుకోవాలి. అది మీరు అరిస్తే కాదు, వాడు ఒప్పుకుంటేనే నిలుస్తుంది. 18 ఏళ్లలోపు వాళ్లకు రోజుకు 3 గంటలే అని ఈ ఆట నడిపే కంపెనీ కూడా హద్దు పెట్టింది. మీవాడు వయసు ఎక్కువ చెప్పి లోపలికి పోయాడేమో అడగండి.

డబ్బు మాత్రం ఈ రోజే తేల్చండి. మీ ఫోన్ రీచార్జి వాడే చేస్తుంటాడు కదా, యూపీఐ పిన్ వాడికి తెలిసే ఉంటుంది. మార్చేయండి. ఆ రూ.2,300 బహుశా బట్టలకు, తుపాకుల రంగులకు పోయి ఉంటాయి. అవి కొన్నంత మాత్రాన గురి కుదరదు. వాడితో ఆ మాట అనండి, నవ్వుతాడు, ఒప్పుకుంటాడు. ఆటలోని ఖాతా (ఐడీ) అమ్ముతా, కొంటా అంటూ వచ్చే కొత్తవాళ్లకు మాత్రం ఓటీపీ చెప్పొద్దని గట్టిగానే చెప్పండి.

ఇక కొలువు. వాడు చెప్పింది అబద్ధం కాదు. 2022 డిసెంబర్‌లో కేంద్రం ఈస్పోర్ట్స్‌ను క్రీడల శాఖ కిందికి తెచ్చింది. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో వాటికి పతకాలూ ఇచ్చారు. 2025లో వచ్చిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది, ఈస్పోర్ట్స్‌ను వాటితో కలపలేదు. కానీ ఇదే బీజీఎంఐని 2022 జులైలో ప్లే స్టోర్ నుంచి తీసేశారు, తిరిగొచ్చేసరికి మరుసటి ఏడాది మే అయింది. అంతకుముందు 2020లో దీని పాత రూపం పబ్‌జీకీ అదే గతి. కబడ్డీని అట్లా ఎవరూ తీసేయలేరు. ఒక కంపెనీ చేతిలో ఉన్న ఆట మీద ఇంటర్ పిల్లాడు బతుకంతా పెట్టడం నాకు నచ్చదు. జట్లు జీతమిచ్చి పెట్టుకునేది కొద్దిమందినే.

ఒకటి అడగండి: నలుగురూ కలిసి ఏదైనా ఓపెన్ క్వాలిఫయర్, అంటే ఎవరైనా దిగగలిగే అర్హత పోటీ, ఆడారా, ఎంత దూరం పోయారు? జవాబు తడబడితే అది సరదా, సరదాగానే ఉండనివ్వండి.

ఆటలు తయారుచేసే పని వేరు, అక్కడ తలుపులు ఎక్కువ. హైదరాబాద్‌లో గేమ్ స్టూడియోలున్నాయి. ఎంపీసీ పిల్లాడు కంప్యూటర్ సైన్స్ వైపు పోవచ్చు, బొమ్మలు వేసే చేయి ఉంటే యూసీడ్ అనే డిజైన్ ప్రవేశ పరీక్ష రాసి ఐఐటీ హైదరాబాద్‌లో డిజైన్ చదవొచ్చు. అయితే ఆడటం ఇష్టమైన వాళ్లందరికీ చేయడం ఇష్టం కాదు. పరీక్షలయ్యాక గోడో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కంప్యూటర్‌లో బంతి ఎగిరే చిన్న ఆట ఒకటి చేసి చూడమనండి. వారం రోజులు విసుగు లేకుండా కూర్చుంటే అప్పుడు మాట్లాడదాం.

నిద్ర కరువై, కాలేజీ మానేసి, దోస్తులను కూడా విడిచి ఒక్కడే నెలల తరబడి ఆడుతుంటే మాత్రం నా దగ్గరికి కాదు, మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి. మీరు రాసిన దాన్ని బట్టి మీవాడు అంత దూరం పోలేదు.

ఇంటర్ పరీక్షలయ్యాక ఇద్దరూ హన్మకొండ రండి. ఫోన్ ఇంట్లో పెట్టి రమ్మనకండి, వాడి ఆట నేనూ చూడాలి.